గుట్టకిందపల్లిలో అభిప్రాయ సేకరణ

పెనుకొండ బస్సు దిగి, ఎండలో మైలు దూరం నడిచివచ్చిన నీలావతికి ఊరి మొదట్లోనే పలక డప్పు మోత వినిపించింది. వెంటనే పాట. బాణీ తనది. పదకొండేళ్ల కిందట, అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో, ఈ ఊరి బడి అరుగుమీద కూర్చుని కట్టింది. మాటలు మాత్రం తనవి కావు. ఫ్యాక్టరీ వచ్చి ఊరు బాగుపడిందనీ, అది ఇంకా పెరిగితే కరువే పారిపోతుందనీ పాట సాగుతోంది.

బడి ఆవరణలో షామియానా వేస్తున్నారు. మందుల ముడిసరుకు తయారుచేసే ఆ ఫ్యాక్టరీ విస్తరణమీద మూడింటికి ప్రజాభిప్రాయ సేకరణ. నీలావతి వచ్చింది అందుకే. అధికారులు వచ్చేలోగా జనాన్ని కూర్చోబెట్టడానికి కంపెనీవాళ్లు పాటల బృందాన్ని పెట్టుకున్నారు. బృందంలోని ఆరుగురూ నీలావతి దగ్గర నేర్చుకున్నవాళ్లే. పలక వాయిస్తున్నది చంద్రప్ప. పాడుతున్నది యల్లక్క.

నీలావతి హిందూపురంలో డ్రాయింగు టీచరుగా మొదలై, ఆ చిన్న ఉద్యోగం వదిలేసి ఊళ్లవెంట తిరిగింది. తనకల్లు నుంచి బత్తలపల్లి దాకా కూలి ఆడవాళ్లకు పాటా, వీధినాటకమూ నేర్పింది. మొదట చదువు గురించి, తర్వాత చెరువుల పూడిక గురించి, చెట్ల గురించి. ఫ్యాక్టరీ మురుగు ఊరి పక్కన పారే వంకలోకి రావడం మొదలయ్యాక ఆ వంకమీదే పాట కట్టింది. అప్పటికే పక్క బావుల్లో నీళ్లు టీ రంగుకు తిరిగాయి. చూలు గొర్రెలకు పిల్లలు కడుపులోనే పోయాయి. రెండేళ్ల కిందట ఆమె పనికి డబ్బు సాయం చేసే సంస్థ చేతులెత్తేసింది. ఇప్పుడామె ఒంటిగదిలో పిల్లలకు బొమ్మలు నేర్పుకుంటూ బతుకుతోంది.

ఆమెను చూసి యల్లక్క పాట ఆపి బయటికి వచ్చింది. తల దించుకోలేదు.

“నీ వంక పాట పాడినందుకు పోయినేడు పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టిరి. ఈ పాటకు దినానికి నూరు రూపాయలిస్తాండారు. శెనక్కాయ పనులున్నప్పుడే కూలి ముప్పై దాటలేదు. వాన మొగం చూసి మూడేండ్లాయె.”

వంక సంగతి ఎత్తబోయింది నీలావతి.

“నాకు తెల్దా అక్కా? ఆ నీళ్లు మోసేది నేనే గదా. నువ్వు పాడించి బస్సెక్కి పోతావు. మేము ఈడనే ఉండల్ల. మా ఇంటాయన ఫ్యాక్టరీ లోపలనే పని చేస్తాండాడు. ఆ పని పోతే యాడికి పోవల్ల?”

నీలావతి వాళ్లకు పదిమందిలో నిలబడి గొంతెత్తడం నేర్పింది. ఎత్తాక మర్నాడు పొయ్యి ఎలా వెలిగించాలో ఆమెకే తెలియదు. పాడొద్దని చెప్పలేకపోయింది. వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

యల్లక్క తిరిగి వెళ్లి పాట ముగించింది. జిల్లా కేంద్రం నుంచి అధికారి వచ్చాడు. కంపెనీ మేనేజరు ఇంగ్లీషులో అరగంట చదివి, తెలుగులో రెండు ముక్కలు చెప్పాడు. అభ్యంతరాలు ఉన్నవాళ్లు మాట్లాడవచ్చన్నాడు అధికారి. ఎవరూ లేవలేదు. ముందు వరుసల్లో ఊరి పెద్దలు, వెనక నీలం చొక్కాల్లో ఫ్యాక్టరీ పనివాళ్లు. యల్లక్క భర్త మారెప్ప వాళ్లలోనే ఉన్నాడు.

నీలావతి లేచి మైకు దగ్గరికి వెళ్లింది. బావుల గురించి రెండు మాటలైనా కాలేదు, అధికారి అడ్డుపడ్డాడు.

“మీది ఏ ఊరమ్మా?”

“హిందూపురం.”

ఇది ఊరివాళ్ల కోసం పెట్టిన సభ అనీ, బయటివాళ్లు కూర్చోవాలనీ ఆయన మర్యాదగానే చెప్పాడు. అలాంటి నిబంధన ఎక్కడుందని ఆమె అడుగుతుండగానే ఎవరో మైకు తీసేసుకున్నారు. ముందు వరుసల్లో నవ్వులు. కానిస్టేబులు వచ్చి పక్కన నిలబడ్డాడు. నీలావతి తిరిగొచ్చి కూర్చుంది. ఇన్నేళ్లు తిరిగిన ఊళ్లలో ఒక్కటీ తనది కాకుండా పోయింది.

గ్రామస్థుల నుంచి అభ్యంతరాలు లేవని పక్కనున్న గుమాస్తాను రాసుకొమ్మన్నాడు అధికారి.

వేదిక పక్కన కూర్చున్న యల్లక్క లేచింది. వెనక వరుసలో మారెప్ప కూడా లేచి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆమె అతన్ని చూసింది.  తర్వాత మైకు లేకుండానే అధికారి బల్ల ముందుకు వచ్చి నిలబడింది.

“నాది ఈ ఊరే సార్. పేరు యల్లక్క. నాకు అభ్యంతరం ఉండాది.”

గుమాస్తా అధికారి ముఖంలోకి చూశాడు. అధికారి మేనేజరు వైపు చూశాడు.

“రాసుకో నాయనా,” అంది యల్లక్క.

గుమాస్తా కలం కదల్లేదు. ఆమె బల్ల ముందునుంచి కదల్లేదు. వెనక మారెప్ప ఇంకా నిలబడే ఉన్నాడు.