తాడు పై కొస

కౌన్సిల్ హాలులో ప్రజలు కూర్చునే బెంచీ మీద నాకు కుడివైపు మా తమ్ముడి మేస్త్రీ, ఎడమవైపు మా మరదలు. మా తమ్ముడు పోయి ఆరు వారాలు. మురుగు గుంతల్లోకి దిగి పూడిక తీసేవాడు.

ఆ రోజు చర్చ కార్మిక సంఘంతో కొత్త ఒప్పందం గురించి. పాతది ఆ సాయంత్రంతో ముగుస్తుంది. ప్రభుత్వ గ్రాంటు వస్తుందో రాదో తేలలేదు గనుక తొమ్మిదో షరతు తీసేయాలని కమిషనర్ ప్రతిపాదించారు. ఒక మనిషి గుంతలోకి దిగితే పైన తాడు పట్టుకుని ఇంకో మనిషి ఉండి తీరాలి. అదీ తొమ్మిదో షరతు.

వాళ్ల పనిలో 'పలకరింపు' అని ఒకటుంది. పై మనిషి కాసేపటికోసారి తాడు లాగుతాడు. కింది మనిషి రెండుసార్లు లాగి బదులిస్తాడు. బదులు రాకపోతే వెంటనే పైకి లాగేస్తారు. మా తమ్ముడు మూడుసార్లు లాగేవాడట, టీ చెప్పి ఉంచమని.

"ఊరికే నిలబడే మనిషికి జీతమెందుకండీ?" అన్నాడు ముందు వరుస సభ్యుడు. "తాడు పట్టుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా?"

హాల్లో నవ్వులు.

"ఈయన కుర్చీ పట్టుకు కూర్చోవడం ఉద్యోగమైతే, అదీ ఉద్యోగమే," అని మేస్త్రీ గొణిగాడు.

కమిషనర్ నివేదిక చదివారు. "మొన్నటి దురదృష్టకర ఘటనలోనూ రక్షణ తాడు కట్టే ఉంది."

ప్రజలకు మూడు నిమిషాలు ఇస్తారు. నేను లేచాను.

"అయ్యా, నేను బడిలో పాఠాలు చెబుతాను. పిల్లలు సగం జవాబు చెబితే మిగతా సగం అడుగుతాను. తాడు కట్టారు, సరే. దేనికి కట్టారు?"

కమిషనర్ కాగితాలు తిరగేశారు. "అది నివేదికలో లేదండి."

"లారీ బంపరుకు. మనుషులు చాలరని, పైన తాడు పట్టే మేస్త్రీని ఆ పొద్దున ఇంకో వీధికి పంపేశారు. మా తమ్ముడు రెండుసార్లు లాగాడో, ఇరవైసార్లు లాగాడో ఆ బంపరుకే తెలియాలి. ఈ మాట మీ మినిట్సులో రాయించండి."

గొంతు పెంచలేదు. పెంచితే ఆపలేనని తెలుసు.

మేయర్ కళ్లద్దాలు తుడుచుకున్నారు. "అమ్మా, మీ బాధ అర్థమైంది. గ్రాంటు సంగతి తేలేవరకు ఈ అంశం వాయిదా వేద్దాం."

సభ్యులందరి చేతులూ లేచాయి.

"ఉంచారా వదినా?" అంది మరదలు.

"లేదమ్మా. పాత ఒప్పందం ఈ రోజుతో సరి, దాంతో ఆ షరతూ పోయినట్టే. తీసేశామన్న మాట పడకుండా తీసేశారు."

మేస్త్రీ లేచాడు. సంచిలోంచి తాడు చుట్ట తీసి ముందు వరుస సభ్యుడి బల్ల మీద పెట్టాడు. బల్ల మీద మట్టి రాలింది.

"రేపు ఏడింటికి మార్కెట్ వెనక గుంత తీయాలి సార్. మీరు రండి. ఊరికే నిలబడే పనేగా. పైన మనిషి లేనిదే మావాళ్లు మూత ముట్టరు."

మర్నాడు బడికి వెళ్తూ మార్కెట్ వెనక ఆగాను. మూత చుట్టూ పనివాళ్లు కూర్చుని ఉన్నారు. ముందు వరుస సభ్యుడు రాలేదు. పక్కన మరదలు. మురుగు పొంగి రోడ్డెక్కింది. ఎనిమిదిన్నరకు కమిషనర్ కారు వచ్చింది.

"ఎందుకు దిగలేదు?" అన్నారు, అద్దం దించి.

"తాడు పై కొస మీ కౌన్సిల్ బల్ల మీదే ఉంది సార్," అన్నాడు మేస్త్రీ, కూర్చున్నచోటు నుంచి లేవకుండానే.

బడి గంట కొట్టే వేళయింది. నేను చెప్పులు విడిచి మరదలి పక్కన కూర్చున్నాను.