జకరయ్య నల్ల పావులు

బొగ్గు గనిలో పగటి షిఫ్టు విడిచిన సైరన్ కూసి, చంద్రపూర్ లాల్‌పేట్ గల్లీల్లో చాయ వాసన లేచే వేళకు లూర్దమ్మ ఇంట్లో చాప పరిచేది. చాప మీద చదరంగం బల్ల, పక్కన స్టీలు గ్లాసులో చాయ. తెల్ల పావుల వైపు కూతురు మెర్లిన్, నల్ల పావుల వైపు లూర్దమ్మ. కానీ నల్ల పావులతో ఆడేది లూర్దమ్మ కాదు, ఆమె మొగుడు జకరయ్య. అతను నేల కింద ఉన్నాడు.

నాలుగేళ్ల కింద గనిలో పైకప్పు కూలినప్పుడు మిగతావాళ్లంతా బయటపడ్డారు, జకరయ్య పడలేదు. శవం కూడా దొరకలేదు. ఫాదర్ వచ్చి ఖాళీ శవపెట్టె మీద ప్రార్థన చదివి పోయాడు. ఆ నెలలోనే లూర్దమ్మ ఇంటి కింద టక్ టక్ మని చప్పుడు మొదలైంది. గని దారులు బస్తీ కింద ఎక్కడెక్కడికో పోతాయి, జకరయ్య నడుచుకుంటూ తన ఇంటి కిందికి వచ్చి కూర్చున్నాడు, అంతే. పక్కింటి రాజక్క మాత్రం ఒకసారి గొడవకొచ్చింది.

"వదినె, అన్నకు జర మెల్లగ కొట్టమని చెప్పరాదు? మా గోడ మీది మట్టంత పప్పుల పడుతుంది."

"నీ పప్పు మీద మూత పెట్టుకోరాదు? గనిల వడ్డ మనిషికి మెల్లగ కొట్టుడు ఎవరు నేర్పిండ్రు?" అంది లూర్దమ్మ.

బతికున్నప్పుడు అతని పని అదే. పొడుగాటి కర్రతో గని పైకప్పును కొట్టి చూడాలి. చప్పుడు బోలుగా వస్తే మనుషుల్ని వెనక్కి పిలవాలి. మాట తక్కువ, కొట్టడం ఎక్కువ. కూతురికి చదరంగం నేర్పింది కూడా అట్లాగే, నేల మీద వేళ్లతో కొట్టి. ముందు ఏ వరసో, తర్వాత ఏ గడో. ఇప్పుడూ కింది నుంచి అదే లెక్కలో కొడతాడు, లూర్దమ్మ గడి వెతికి పావు జరుపుతుంది. కింద ఉన్నవాడి చెయ్యి బల్లకు అందదు కదా. ఒక్కో దెబ్బకు గ్లాసులో చాయ మీద మీగడ వణికేది. పావులు చూసుకుంటూ ఆమె తాగడం మరిచేది, రోజూ చాయ చల్లారిపోయేది.

జకరయ్యవి రెండే నియమాలు. పావు మీది నుంచి చెయ్యి తీస్తే ఎత్తు అయిపోయినట్టు. రెండోది, ఆట నడుమ లేచిపోవడం లేదు. ఆట ముగిస్తేనే ఎక్కడికైనా.

నాలుగో ఏటి వానాకాలంలో మొదలైన ఆట చలికాలానికీ ముగియలేదు. కూతురు గెలుపు దాకా వచ్చి పక్కకు తప్పుకునేది. తండ్రీ అంతే. ముగిస్తే ఇంకో ఆట మొదలవకపోతే? ఈ భయం ముగ్గురికీ ఉంది, ఎవరూ పైకి అనలేదు.

ఆ చలికాలమే చంద్రపూర్‌లో మహిళా చదరంగ మహోత్సవం పెట్టారు. ఇంటింటి మీదా కేబుల్ టీవీ తీగలు పాకుతున్న రోజులవి. మైదానం చుట్టూ కూల్‌డ్రింకుల బ్యానర్లు, నడిమధ్య సున్నంతో గీసిన పెద్ద బల్ల. గడికొక స్కూలు పిల్ల, తలకు అట్టకిరీటం, కాళ్ల కింద ఎండకు వేడెక్కిన నేల. పేరున్న ఆడ క్రీడాకారిణులను పూలదండలేసి జీపుల్లో ఊరేగించి తెచ్చారు. పండగ ఆడవాళ్లది, వేదిక మీది కుర్చీలు మాత్రం మగవాళ్లవి. సభ అధ్యక్షుడు అనంతరావు ఆడదాని బుద్ధిబలం గురించి మాట్లాడీ మాట్లాడీ గొంతు పోగొట్టుకున్నాడు. ఆయన పెళ్లాం వెనకాల నిలబడి ఆయన మందుబిళ్లల డబ్బీ మోసింది. వచ్చిన ఆడవాళ్లు ఒంటేలుకు పోవడానికి ఒక తడిక కట్టాలన్న బుద్ధి మాత్రం ఏ మగవాడికీ పుట్టలేదు.

మధ్యాహ్నం నాగపూర్ ఛాంపియన్ ప్రణాలి, అందరూ తాయి అని, అంటే అక్క అని పిలిచే ఆమె, ఊరి ఆడపిల్లలందరితో ఒకేసారి ఆడింది. పిల్లలు బల్లల ముందు వరసగా కూర్చున్నారు. ఆమె ఒక్కో బల్ల దగ్గర ఆగి, ఒక్క చూపు చూసి, ఒక ఎత్తు వేసి పోతోంది. ఆమె తిరిగిన కొద్దీ పిల్లలు ఓడిపోయి లేచారు. మెర్లిన్ చెప్పులు విప్పి, పాదాలు నేలకానించి కూర్చుంది. అక్కడ కింద ఎవరూ లేరు, ఏ చప్పుడూ రాలేదు. అయినా పిల్ల లేవలేదు. చివరికి ప్రణాలి తాయి ఆ ఒక్క బల్ల ముందు కుర్చీ లాక్కొని కూర్చుంది. చాలాసేపటికి నవ్వి చెయ్యి చాపింది. ఆట సమానం.

"ఎవరు నేర్పారు?" అంది మరాఠీలో.

"మా డాడీ."

"ఎక్కడున్నారు?"

"కింద."

ప్రణాలి తాయి తల ఊపింది. "ఏనుగుల్ని మరీ ఆలస్యంగా తీస్తున్నారని చెప్పు ఆయనకు." తర్వాత లూర్దమ్మ వైపు తిరిగింది. "నా దగ్గర హాస్టల్లో ఒక చోటు ఖాళీగా ఉంది. సోమవారం పొద్దుటి బండికి పంపండి. ఈ పిల్ల ఇక్కడ ఆగిపోకూడదు."

ఇల్లు చేరి తలుపు తీయగానే మెర్లిన్ అంది, "నేను పోను."

"ఎందుకు పోవు?"

"ఆట అయిపోలే. నడుమల లేవద్దన్నడు డాడీ."

"అయిపోగొట్టు మరి."

"నువ్వే చెప్పమ్మా, అయిపోతే నీకు మంచిగుంటదా?"

లూర్దమ్మకు కోపం వచ్చింది, అడిగింది నిజమే కాబట్టి. పిల్ల పోతే అతను ఎవరితో ఆడతాడు? ఆట లేకపోతే కొడతాడా? ఒకసారి ఖాళీ పెట్టె పూడ్చిపెట్టింది. ఇప్పుడు చప్పుడును కూడా పూడ్చిపెట్టాలా?

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక చాప పరిచింది. గ్లాసులో చాయ పోసింది. అటు పిల్ల బట్టలు సర్దలేదు, ఇటు సర్దొద్దనీ అనలేదు.

కింద జకరయ్య కొట్టాడు. లూర్దమ్మ లెక్కపెట్టుకొని వజీరు మీద చెయ్యి వేసింది. రాజు పక్కన కాపలాగా నిలబడ్డ నల్ల మంత్రి అది. మళ్లీ కొట్టాడు, ఎక్కడికి పోవాలో. దూరపు మూలకు. అక్కడ దానికి పనేమీ లేదు.

ఆమెకు ఆట రాదనే అందరూ అనుకునేవారు. ఆమె కూడా అట్లాగే అనుకుంది. నాలుగేళ్లు అతని చెయ్యిగా కూర్చున్న మనిషికి రాకుండా ఎట్లా ఉంటుంది? వజీరు మూలకు పోతే రాజు ఒంటరి. తర్వాతి ఎత్తులో పిల్ల గెలుస్తుంది. జకరయ్య పొరపాటు పడే మనిషి కాదు. కావాలనే ఓడిపోతున్నాడు.

లూర్దమ్మ వజీరును జరిపింది. మూలకు కాదు, ఒక గడి ముందే ఆపింది, రాజుకు కాపలా చెడకుండా. వేళ్లు ఇంకా పావు మీదే ఉన్నాయి.

కింది నుంచి ఒక్క దెబ్బ.

గని మనిషి పెళ్లానికి అది తెలియనిదేం కాదు. గనిలో మనుషుల్ని ఎక్కించే తొట్టి నడుస్తున్నప్పుడు గంట ఒక్కసారి కొడితే, ఆపు అని.

మెర్లిన్ తల దించుకునే ఉంది. "చెయ్యి తీయలే కదమ్మా," అంది మెల్లగా. "డాడీ చెప్పిన కాడ పెట్టు." బల్ల మీద పడ్డ పిల్ల కన్నీటిబొట్టును లూర్దమ్మ రెండో చేత్తో కొంగు పట్టి తుడిచింది, పావు జరగకుండా.

"నువ్వు ఓడుడు సరే," అంది నేలతో. "నా సంగతేంది? నీకు రోజూ చెయ్యి అరువిచ్చిన కదా, నన్నొక్క మాట అడిగినవా?"

జకరయ్య మళ్లీ కొట్టాడు, ఈసారి మెల్లగా, పక్కింటి గోడ మట్టి కూడా రాలనంత మెల్లగా. అదే వరస, అదే మూల.

లూర్దమ్మ వజీరును మూలకు జరిపి చెయ్యి తీసింది.

"చూడనట్టు చెయ్యకు," అంది కూతురితో. "చేసినవంటే నీ వీపు పగులగొడ్త."

మెర్లిన్ తెల్ల ఏనుగును జరిపింది. నల్ల రాజుకు ఆట కట్టు.

అప్పుడు కింది నుంచి మూడు దెబ్బలు వచ్చాయి, విడివిడిగా. ఆ తర్వాత గడి లెక్కేదీ రాలేదు. లూర్దమ్మ లేచి, అటక మీది రేకు పెట్టె దించి, పిల్ల బట్టలు మడత పెట్టసాగింది.

"మూడు కొట్టిండు. అదేం గంటమ్మా?" అంది మెర్లిన్.

"తొట్టిల మనిషి ఎక్కింది, పైకి గుంజుమని."

సోమవారం పొద్దున నాగపూర్ బండి కదలబోతుండగా కిటికీలోంచి పిల్ల చెయ్యి బయటికి చాపింది. లూర్దమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు. పట్టుకుంటే వదలనని తెలుసు. పిడికిలి బిగించి రైలు డబ్బా ఇనుప ఒంటి మీద మూడుసార్లు గుద్దింది. బండి కదిలింది.

ఆ సాయంత్రం సైరన్ కూశాక లూర్దమ్మ చాప పరిచింది. పావులు రెండు వైపులా పేర్చింది. తెల్ల బంటును ఒకదాన్ని తనే ముందుకు జరిపి, చెయ్యి తీసి, ఎదురుచూసింది. గోడ అవతల రాజక్క కూడా వంట ఆపి వింటున్నట్టుంది, గంటె చప్పుడు లేదు.

"వదినె," అంది రాజక్క అటు నుంచే, "పప్పు మీద మూత తీసే పెట్టిన. కొట్టుమను."

గ్లాసులో చాయ మీద మీగడ కట్టింది, వణకలేదు. లూర్దమ్మ గ్లాసు ఎత్తి, నాలుగేళ్లలో మొదటిసారి, చాయ చల్లారకముందే చివరి గుక్క దాకా తాగింది.