పదహారో గంట

ఆ గీత గీసింది మీరే. వారానికి పదహారు గంటలకి తక్కువ పని చేస్తే భృతి, పదహారు నిండితే భృతి రద్దు, దాని బదులు పన్ను రాయితీ పేరిట ఇంకో సాయం అని చట్టంలో రాసిపెట్టింది మీరే. ఒంటరిగా పిల్లని పెంచుకుంటున్న ఆడమనిషిని ఆ గీత మీద నిలబెట్టి, ఎటు దూకుతావో తేల్చుకోమన్నదీ మీరే. మీకు లినెట్ క్రాబ్‌ట్రీ ఎవరో తెలియదు. తెలుసుకోండి.

శుక్రవారం పదిన్నర. ఇంగ్లండులోని బర్న్‌లీలో ఒక వృద్ధాశ్రమం. కిందనున్న ఉతుకుల గదిలో లినెట్ మూడో వాయి దుప్పట్లు యంత్రంలోంచి లాగుతోంది. ముప్పై నాలుగేళ్లు. సబ్బుపొడికి వేళ్ల కొసలు పగిలిపోయాయి. తడిబట్టల బరువు మోసీ మోసీ ఎడమ భుజం కొంచెం కిందికి వాలింది. రోజుకి మూడు గంటలు, ఐదు రోజులు, మొత్తం పదిహేను. అందుకే భృతి వస్తోంది. అందుకే ఎనిమిదేళ్ల కూతురు కేరిస్‌కి బడిలో అన్నం ఉచితం.

పోయిన నెల ఎవరో రాకపోతే రెండుసార్లు ఎక్కువసేపు ఉండిపోయింది. భృతి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంకొక్క వారం పదహారు తాకితే కేసు మూసేస్తారట.

ఇప్పుడు మేనేజరు బెవర్లీ పదహారు గంటల పని ఇస్తానంటోంది. జవాబు ఇవాళే కావాలంది. ఒప్పుకుంటే భృతీ, బడిలో ఉచిత అన్నమూ వెంటనే ఆగుతాయి. పన్ను రాయితీ ఆరు వారాలకో ఎనిమిది వారాలకో వస్తుంది. అందాకా ఏం తినాలో ఏ కాగితంలోనూ లేదు.

టీ వేళ నడవాలో ఉన్న ఫోను నుంచి భృతి ఆఫీసుకి చేసింది.

"ఏది తీసుకుంటే నాకు మేలో చెప్పండి."

"భృతి సంగతయితే చెప్తానమ్మా. రాయితీ మాది కాదు, వేరే ఆఫీసు."

ఆ వేరే ఆఫీసుకి చేసింది.

"రాయితీ ఎంతొస్తుందో చెప్తాం. భృతి సంగతి మాకు తెలీదు. ఎటు పోవాలో మేం చెప్పకూడదు."

"మరెవరు చెప్తారు?"

"అది మీ ఇష్టమండీ."

ఇష్టమట!

వద్దని చెప్పేయాలనుకుంది లినెట్. ఉన్నది ఊడకుండా ఉంటే చాలు.

పన్నెండూ ఇరవైకి ఉతికిన బట్టలు పట్టుకుని మేడమీదికి వెళ్లింది. చివరి గది ఎడ్నా షాకిల్టన్‌ది. తొంభై ఒక్కేళ్ల ముసలమ్మ, నేత మిల్లులో నలభై ఏళ్లు పనిచేసిన మనిషి. నా అన్నవాళ్లు లేరు. నిన్నటి నుంచి గొంతు పడిపోయింది. డాక్టరు చూసి, ఇవాళ గడవడం కష్టమని చెప్పి వెళ్లిపోయాడు. మంచం పక్కన నర్సు వంగి "ఏం కావాలి? నీళ్లా?" అని అరుస్తోంది.

ఎడ్నా పెదాలు కదులుతున్నాయి, పెద్దపెద్దగా, అక్షరం అక్షరం విడదీసి. మగ్గాల మోతలో మాట వినిపించదు గనక ఆ మిల్లుల ఆడవాళ్లు అలాగే మాట్లాడుకునేవాళ్లు. లినెట్ అమ్మమ్మా నేతకత్తే. ఆ ఇంట్లో ఆ మాటలు కళ్లతో వింటూ పెరిగింది. ఆశ్రమంలో ఇంకెవరికీ అవి అర్థం కావు.

"ఏమే పిల్లా," అన్నాయి పెదాలు. "చావుకీ వరసలో నిలబడాల్సొచ్చిందే."

"నువ్వెప్పుడు వరసలో నిలబడ్డావులే, మామ్మా," లినెట్ కూడా పెదాలతోనే అంది.

"పోకే. వీళ్లంతా చెవిటోళ్లు."

తలుపు దగ్గరికి బెవర్లీ వచ్చింది. "పన్నెండున్నర, లినెట్. వెళ్తున్నావా?"

"కాసేపుంటాను. జీతం వద్దు. రాయకండి."

"కుదరదు. ఆశ్రమంలో ఉన్న మనిషిని లేదని రాస్తే, రేపేమన్నా అయితే నా ఉద్యోగం ఊడుతుంది. ఉంటే పుస్తకంలో గంట పడుతుంది. చూసుకో."

లినెట్ గోడ గడియారం చూసింది. కేరిస్ బడిలో ఈపాటికి పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటుంది. మంచం మీది చెయ్యి దుప్పటి అంచుని నలుపుతోంది, తెగిన పోగు వెతుకుతున్నట్టు.

కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మగ్గాలు ఆపేశారా?" అడిగింది ఎడ్నా చాలాసేపటి తర్వాత.

"ఆపేశారు."

"హమ్మయ్య. ఇక నోరు నొప్పెట్టేలా మాట్లాడక్కర్లేదు."

తర్వాత పెదాలు కదల్లేదు. ఒంటిగంటా ఇరవై.

కింద హాజరు పుస్తకంలో బెవర్లీ తక్కువైన పది నిమిషాలూ కలిపి పదహారు వేసింది. "నీ గంట ఊరికే పోనివ్వను లినెట్," అంది, ఎంతో మేలు చేస్తున్నట్టు. నిజంగానే మేలనుకుంది ఆవిడ.

"ఆ పదహారు గంటల పని నాకే రాసేయండి," అంది లినెట్. "ఎలాగూ గీతకి ఆ పక్కన పడ్డాను."

వెళ్లేముందు ఎడ్నా బీరువా ఖాళీ చేసింది. రెండు గౌన్లు, ఒక ఊలు కోటు. సొరుగులో, ఉతుకులో కలిసిపోకుండా బట్టలకి కుట్టుకునే పేరు పట్టీ చుట్ట. ఎర్ర దారంతో ఇ. షాకిల్టన్, ఇ. షాకిల్టన్, ఇ. షాకిల్టన్. ఇంకా రెండు బారల పేరు మిగిలిపోయింది, కుట్టడానికి గుడ్డ లేదు.

సోమవారం పన్నెండున్నరకి కేరిస్ భోజనాల వరసలో నిలబడుతుంది. మీ దగ్గర రెండు రోజులున్నాయి. కమిటీలు వేయకండి, విచారం వెలిబుచ్చకండి. రెండు లెక్కలూ తెలిసిన మనిషిని ఒక్క బల్ల వెనక కూర్చోబెట్టండి. కొత్త డబ్బు తల్లి చేతిలో పడేదాకా పాతది ఆపకండి. ఆ పిల్ల పళ్లెంలో అన్నం పెట్టండి.