కొలత తీసుకోని పడకలు

పడవల మేస్త్రి షెడ్డులో టేపులకు కొదవ లేదు కానీ పడకల కొలత మాత్రం ఎవరూ తీసుకోరు. చిన్న తెరచాప పడవకు మిగతావన్నీ ఆయనే లెక్క చూసి చేస్తాడు: వంతెన అడ్డొస్తే వెనక్కి వాల్చేసే తెరచాప కొయ్య, లోతు తగ్గితే పైకి లాక్కునే అడుగు పలక, పడవ ఎంత ఒరిగినా గిన్నె ఒలకనివ్వని ఊగే పొయ్యి. లోపలి గదిలో రెండు పడకలు మాత్రం ఉజ్జాయింపుగా బిగించి వదిలేస్తాడు. వారం తిరిగేసరికి, పడుకోబోయేవాళ్ల పొడుగుకి అవే సాగుతాయి, లేదా కుంచించుకుంటాయి. చెక్క అన్నాక ఆ మాత్రం సర్దుకోదా అంటాడు.

ఇది పద్దెనిమిదో పడవ. చేయించుకుంటున్నది పళ్ల డాక్టరు, ఆరడుగుల మనిషి. తెరచాప కుట్టింది ఎప్పట్లాగే మేస్త్రి భార్య. మొదటి పడవ మనకే అని పెళ్లయిన కొత్తలో ఆయన మాటిచ్చాడు. తర్వాత రెండోది అన్నాడు. ఆ తర్వాత అనడం మానేశాడు, ఆవిడ అడగడం మానేసింది. మరిచిపోయిందని ఆయన నిశ్చింతగా ఉన్నాడు పాపం.

డాక్టరు వచ్చి ఎడమ పడక మీద వాలాడు. మోకాళ్లు గడ్డానికి వచ్చాయి.

"ఇది నాది కాదు మేస్త్రి గారూ."

"ఇంకో రెండు రోజులు చూడండి, సాగుతుంది."

"మూడు వారాలైందిగా. ఎవరిదో వాళ్లకే ఇచ్చేయండి. నాకు ఇంకో పడవ చేద్దురుగాని," అని డాక్టరు టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

తెరచాప బిగించడానికి వచ్చిన భార్య ఆ మాట విన్నది.

"కాస్త జరగండి," అని లోపలికి దిగి పడుకుంది. తల ఈ చివర, మడమలు ఆ చివర, వేలెడు తేడా లేదు. మేస్త్రికి సిగ్గేసింది.

"పడవ తీసుకుని నువ్వు వెళ్లిరా. నాకు షెడ్డు పనుంది," అన్నాడు.

"సరే. ఆదివారం బయల్దేరతాను."

బతిమాలుతుందనుకున్నాడు. బతిమాలకపోయేసరికి మనసు చివుక్కుమంది. కుడి పడక వైపు చూశాడు. అది మూడడుగులు కూడా లేదు. ఎవరిదో తేలనప్పుడు అలాగే ముడుచుకుని ఉంటుంది.

మధ్యాహ్నం ఆవిడ అటక మీంచి రెండు పలచటి పరుపులు దింపి తెచ్చింది. మొదటి పడవప్పుడు కుట్టినవి. ఒకటి ఎడమ పడక మీద పరిచింది. రెండోది పట్టక, మడతపెట్టి కుడివైపు ఉంచింది.

ఆదివారం పొద్దున బల్ల మడతబందులకు నూనె వేద్దామని మేస్త్రి లోపలికి దిగాడు. కుడివైపు పరుపు అంచు నుంచి అంచుకి పరుచుకుని ఉంది. మధ్యలో కొంచెం ఎత్తుగా ఉంటే చెయ్యి పెట్టి చూశాడు. నొప్పితో ఆయన పూర్తిగా చాపలేని కుడి మోకాలు వచ్చే చోట, చెక్క సరిగ్గా అంతే పైకి లేచింది. పరుపు కుట్టిన నాటికి ఆ నొప్పి లేదు.

నూనె డబ్బా అక్కడే పెట్టి, వెళ్లి షెడ్డుకి తాళం వేశాడు. ముప్పై ఏళ్లలో తాళం వేయడం అదే మొదలు కావడంతో, తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేత్తో పట్టుకుని పడవ దగ్గర నిలబడ్డాడు.

"ఇలా ఇవ్వండి," అంది భార్య.