ఎడమ గ్రిప్పు

రొట్టెలాయనకి మనుషుల మీదకంటే పొట్లాల మీద అనుమానం ఎక్కువ. కట్టిన పొట్లం ఏదైనా సరే, ముందు ఊపి చూస్తాడు, తర్వాత వాసన చూస్తాడు, ఆపైనే చేతిలోకి తీసుకుంటాడు. అలాంటి మనిషి ముందు మెకానిక్ బావమరిది తెచ్చి పెట్టింది ముందే చింపేసిన అట్టపెట్టె.

“ఇదెవరు విప్పార్రా?”

“నేనే బావా. లోపల అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవద్దూ?”

“నా సామాను నేను చూసుకోలేనా?”

“చూడు మరి. కావాలంటే కొరికి కూడా చూడు.”

కొరకలేదు కానీ, రొట్టెలాయన పెట్టెలోవి ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. నల్ల రబ్బరు గ్రిప్పులు రెండు, వాటి చివర్ల నుంచి వేలాడుతున్న వైర్లు, ఒక స్విచ్చి. బండి హ్యాండిలుకి తొడిగితే ఇవి వేడెక్కుతాయట. చలిలో బండి తోలేవాళ్ల చేతులు కొయ్యబారకుండా కాపాడతాయట. ఆ ‘ట’లన్నీ బావమరిదివే.

నిజానికి రొట్టెలాయనకి ఈ వేడి గ్రిప్పులు సరదా కోసం కాదు. తెల్లవారకముందే బేకరీలో ట్రేలు ఎక్కించుకుని, ఊరంతా తిరిగి షాపులకి రొట్టెలూ బన్నులూ వేసే లైను అతనిది. పెళ్లికి ముందు నుంచీ అదే పని. ఏ షాపువాడు ఎప్పుడు షట్టరు ఎత్తుతాడో, ఎవడి కుక్క కరుస్తుందో, ఎవడు మెత్తటి బన్ను తీసుకుని గట్టిదని తిట్టుకుంటాడో అతనికి కంఠతా వచ్చు. కానీ పోయిన చలికాలం వేళ్లు బిగుసుకుపోయి క్లచ్ సరిగ్గా నొక్కలేక, బండి కుదుపుకి ఒక ట్రే మొత్తం రోడ్డుపాలైంది. రెండుమూడుసార్లు ఆలస్యం కూడా అయింది. ఈసారి చలి మొదలవకముందే బేకరీ పెద్దాయన పిలిచి చెప్పాడు.

“నీ మీద నాకేం కోపం లేదయ్యా. కానీ షాపులవాళ్ల నోళ్లు నేను మూయలేను. ఈసారి ఒక్క ట్రే కింద పడినా, ఒక్కరోజు ఆలస్యమైనా లైను వ్యానువాడికి ఇచ్చేస్తాను.”

వ్యానువాడంటే బేకరీ కేకులు అవతలి పేటకి చేరవేసేవాడు. తెల్లటి వ్యాను, లోపల హీటరు, పెదాల మీద ఎప్పుడూ ఒక చిరునవ్వు. ఆ నవ్వంటే రొట్టెలాయనకి కడుపులో మంట.

“ఏరా,” అన్నాడు రొట్టెలాయన గ్రిప్పులు రెండూ పక్కపక్కన పెట్టి, “ఇవి రెండూ ఒకటి కావే! దీని రంధ్రం పెద్దది, దానిది చిన్నది. వేరువేరు పెట్టెల్లోవి కలిపి తెచ్చావా?”

“అయ్యో బావా! కుడివైపు యాక్సిలేటరు తిరగాలి కదా. కింద ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, అందుకని దాని రంధ్రం పెద్దది. ఎడమది తిరగదు, నేరుగా రాడ్డు మీదే కూర్చుంటుంది.”

అడగ్గానే జవాబు వచ్చింది. అంత చప్పున వచ్చిందంటే ముందే తయారుచేసి పెట్టుకున్నట్టే కదా అనుకున్నాడు రొట్టెలాయన.

బావమరిది పాత గ్రిప్పుల్ని బ్లేడుతో నిలువునా కోసి ఊడదీశాడు. రాడ్డుని పెట్రోలు గుడ్డతో తుడిచాడు. జిగురు రాసి, కొత్త గ్రిప్పుని మెలితిప్పుతూ లోపలికి నెట్టాడు. కుడివైపు వైరుని యాక్సిలేటరు తిరిగినప్పుడు లాగకుండా కాస్త వదులుగా వదిలాడు. బ్యాటరీకి కలిపేచోట ఫ్యూజూ, చిన్న నల్ల డబ్బాలాంటి రిలే పెట్టాడు. రొట్టెలాయన తలకాయ అతని భుజం మీదుగా తొంగిచూస్తూనే ఉంది.

“తాళం తీసేస్తే వేడి ఆగిపోతుంది. బ్యాటరీ తినదు. స్విచ్చి నొక్కితే పచ్చ, ఇంకోసారి నొక్కితే పసుపు, ఇంకోసారికి ఎరుపు. ఎరుపులో ఎక్కువసేపు ఉంచకు.”

“ఎందుకుంచకూడదు? కాలిపోయే సరుకా?”

“నీతో వేగడం మా అక్కకే చెల్లింది బావా.”

మర్నాడు తెల్లవారుజామున పొగమంచు రోడ్డుకి అడ్డంగా పరుచుకుని ఉంది. బేకరీ వీధి దాటేసరికి కుడిచేతికి టీగ్లాసు పట్టుకున్నంత హాయిగా అనిపించింది. రొట్టెలాయన మొహం విప్పారింది. అంతలోనే ముడుచుకుంది. ఎడమచేతికి చిటికెన వేలి దగ్గర మాత్రం కాస్త వెచ్చదనం. బొటనవేలూ, చూపుడువేలూ, మధ్యవేలూ ఎప్పటిలాగే కొయ్యముక్కలు.

‘సగం గ్రిప్పే పనిచేస్తోంది,’ అనుకున్నాడు. ‘లోపలి తీగ సగం కాలిపోయిన పాతది తెచ్చి తగిలించాడు. పెట్టె ఎందుకు విప్పి ఉందో ఇప్పుడు తెలిసింది.’

లైను పూర్తవగానే నేరుగా బావమరిది షెడ్డుకి పోయాడు. అక్కడ తెల్లవ్యాను బానెట్టు ఎత్తి ఉంది. వ్యానువాడు స్టూలు మీద కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు.

“రొట్టెలాయనా! చేతులు వెచ్చబడ్డాయా?” అన్నాడు అదే చిరునవ్వుతో.

రొట్టెలాయన బండికి స్టాండు వేసి బావమరిది వైపు చూశాడు. గ్రిప్పుల సంగతి వీడికెవరు చెప్పారు? వీడి వ్యాను ఇక్కడేం చేస్తోంది? బావమరిది వీడికి టీ ఎందుకు పోయించాడు?

“ఎడమది వేడెక్కట్లేదురా,” అన్నాడు వ్యానువాడికి వినపడకుండా.

“రాడ్డు ఇనుము కదా బావా, వేడి పీల్చేస్తుంది. కిందొక టేపు చుట్టి బిగిస్తాను. అప్పుడు చూడు.” బావమరిది గ్రిప్పు లాగి, రాడ్డుకి వేడి పోనివ్వని టేపు చుట్టి మళ్లీ ఎక్కించాడు. ఎక్కించాక తన అరచెయ్యి వేసి, “అబ్బో, పెనంలా ఉంది!” అని చెయ్యి విదిలించాడు.

రొట్టెలాయన బండెక్కి కూర్చున్నాడు. కుడిచెయ్యి కుడివైపు, ఎడమచెయ్యి ఎడమవైపు వేసి పట్టుకున్నాడు. కుడిది వేడి. ఎడమది అదే చిటికెన వేలు, అదే కొయ్య.

‘ఏం నటించాడురా వీడు!’ అనుకుని, బండి తిప్పుకుని వచ్చేశాడు.

ఆ తర్వాత తెల్లవారుజాములన్నీ అతని బుర్రలో ఒకే కథ తిరిగింది. వ్యానువాడికి లైను కావాలి. లైను కావాలంటే ట్రే పడాలి. ట్రే పడాలంటే క్లచ్ చెయ్యి పట్టు తప్పాలి. అందుకే చెడ్డ గ్రిప్పు ఎంచి మరీ ఎడమవైపు పెట్టించారు. రేపు వ్యాను రోజంతా తిరిగితే రిపేర్లు ఎవరి షెడ్డుకి వస్తాయి? అన్నీ ఎంత బాగా అతుక్కుంటున్నాయో చూసి తన తెలివికి తనే మురిసిపోయాడు, ఆ వెంటనే దిగులుపడ్డాడు.

వాళ్ల ఎత్తు పారనివ్వకూడదని స్విచ్చిని ఎరుపులోనే ఉంచాడు. కుడిచేతి గ్లౌజు ఉంచుకుని, ఎడమచేతిది తీసి జేబులో కుక్కాడు. ఒట్టి చెయ్యి వేస్తేనైనా ఉన్న కాస్త వేడీ తగులుతుందని ఆశ. చురుక్కుమన్న చిటికెన వేలిని ఎత్తిపెట్టుకున్నాడు, మిగతా వేళ్లకి తగల్లేదు. పిండిమర మలుపు దగ్గర క్లచ్ అతని వేళ్ల కిందనుంచి జారిపోయింది. బండి ఎగిరిపడింది. ట్రేలు తాళ్లలో ఒరిగి ఆగాయి, కింద పడలేదు. కానీ పై వరస బన్నులు నలిగిపోయాయి.

మూలషాపు ఆవిడ ఒక బన్ను ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది. “దీనిమీద ఎవరైనా కూర్చున్నారా?”

“మంచువల్లమ్మా, మెత్తబడింది.”

“మంచు కూర్చుందా? ఈసారిలా తెస్తే పెద్దాయనకే ఫోన్ చేస్తాను, నీకు కాదు.”

ఇంటికొచ్చి పళ్లు నూరుతూ చేతులు కడుక్కుంటుంటే, తువ్వాలు అందించబోయిన భార్య అలాగే ఆగిపోయింది. ఆవిడ కుట్టుమిషన్ పని చేస్తుంది, ఇస్త్రీపెట్టెతో రోజూ స్నేహం.

“ఇదేంటండీ? ఎక్కడ కాల్చుకున్నారు?”

చూపుడువేలూ మధ్యవేలూ లోపలివైపు తెల్లగా ఉబ్బి, నీళ్లు నిండిన బొబ్బలు.

“కాల్చుకోవడమేంటి? ట్రే ఒరుసుకుని ఉంటుంది.”

“ఒరుసుకుంటే తోలు లేస్తుంది, ఇలా ఉబ్బదు. ఇది కాలిన బొబ్బ. నొప్పి లేదూ?” అని గోటితో నొక్కింది.

“లేదు.”

ఆవిడ తువ్వాలు భుజాన వేసుకుంది. “బండి స్టార్టు చేయండి.”

“ఎందుకు? మీ తమ్ముడి గొప్పతనం చూపించడానికా? చూశాలే. చచ్చిన గ్రిప్పు తగిలించి—”

“స్టార్టు చేయండి ముందు.”

వాకిట్లో బండి గురగురమంటూ నిలబడింది. ఎర్రలైటు వెలిగింది. కాసేపాగి ఆవిడ ఎడమ గ్రిప్పు మీద చెయ్యివేసి, “అమ్మో!” అని తీసేసుకుంది.

“అక్కా తమ్ముడూ ఒకే బళ్లో చదివినట్టున్నారు,” అన్నాడు రొట్టెలాయన. “వాడూ ఇలాగే చెయ్యి విదిలించాడు.”

“నా మాట నమ్మొద్దు, మా తమ్ముడి మాటా నమ్మొద్దు. మీ కుడిచెయ్యి తీసుకొచ్చి ఈ గ్రిప్పు మీద వేయండి.”

కుడిచెయ్యి ఎడమ గ్రిప్పు మీద వేయడం అనే ఆలోచన రొట్టెలాయనకి ఇన్నాళ్లలో రాలేదు. బండి మీద ఏ చేతి చోటు ఆ చేతిది. పెళ్లాం మాట తీసేయడానికన్నట్టు చెయ్యి చాచి గట్టిగా పట్టుకున్నాడు.

మరుక్షణం వెనక్కి లాగేసుకున్నాడు. అరచెయ్యి చురచురలాడుతోంది.

అతను నెమ్మదిగా బండికి అటువైపు వెళ్లి, ఎడమచేతిని కుడి గ్రిప్పు మీద వేశాడు. ఇన్నాళ్లూ టీగ్లాసులా హాయినిచ్చిన గ్రిప్పు అది. చిటికెన వేలికి వేడి. మిగతా వేళ్లకి ఏమీ లేదు.

“ఆపేయండి,” అంది భార్య మెల్లగా. “ఆస్పత్రికి పోదాం.”

డాక్టరమ్మ టేబులు మీద ఎడమచేతిని వెల్లకిలా పెట్టించింది. “కళ్లు మూసుకోండి. సూదితో తాకిస్తాను. తగిలినప్పుడల్లా చెప్పండి.”

రొట్టెలాయన కళ్లు మూసుకున్నాడు. చిటికెన వేలికి చురుక్కుమంది. “ఆ,” అన్నాడు. తర్వాత ఏమీ లేదు. కుర్చీ కిర్రుమంది. గోడగడియారం టిక్కుమంటోంది. ఈవిడ గుచ్చడం మానేసి కాగితాలు చూసుకుంటోందేమో. లేకపోతే తనని పరీక్ష చేయడానికే ఊరికే కూర్చుందేమో. చాలాసేపు ఆగాడు. ఆగలేక ఒక కన్ను సన్నగా తెరిచాడు.

సూది మొన అతని చూపుడువేలి మీద గుంటపడేలా దిగి ఉంది. డాక్టరమ్మ వేలివైపు కాదు, అతని మొహంవైపు చూస్తోంది.

“ఇంకా తగల్లేదా?” అంది.

కన్ను మళ్లీ మూసుకున్నాడు. తెరవబుద్ధి కాలేదు.

మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయిందట. ఏళ్ల తరబడి క్లచ్, ట్రేలు, బండి అదురు. చలి అనుకుని తోసిపుచ్చుతూ వచ్చాడట. పట్టీ వేసుకోవాలి, మందులు వాడాలి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్. అప్పటిదాకా క్లచ్ ముట్టుకోకూడదు.

“మరి నా లైను?” అన్నాడు రొట్టెలాయన.

“లైను కావాలా, చెయ్యి కావాలా?” అంది డాక్టరమ్మ.

బయట బావమరిది నిలబడి ఉన్నాడు. అక్క ఫోన్ చేస్తే గ్రీజు చేతులతోనే వచ్చేశాడు. రొట్టెలాయన అతన్ని పొట్లాన్ని చూసినట్టు పైనుంచి కిందిదాకా చూశాడు.

“వ్యానువాడికీ నీకూ ఏంట్రా సంగతి?”

“సంగతేముంది? హీటరు బాగు చేయించుకున్నాడు. నీ గ్రిప్పులు చూసినప్పటినుంచీ స్టీరింగుకి కూడా అలాంటివి పెట్టమని ప్రాణం తీస్తున్నాడు.”

“అంతేనా?”

“ఇంకేం కావాలి బావా? చెప్పు, ఏం కావాలో అది కల్పించి చెప్తాను.”

భార్య మొహం తిప్పుకుని నవ్వు ఆపుకుంది. రొట్టెలాయన పట్టీ కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. లైను వదిలేస్తే వ్యానువాడిది. వదలకపోతే ఎవడో ఒకడి చేతిలో పెట్టాలి. ఇన్నాళ్లూ దాన్ని కాజేయడానికి సాయపడుతున్నాడని తను అనుమానించిన బావమరిది తప్ప ఎదురుగా ఇంకెవడూ లేడు.

“తెల్లవారకముందే లేవగలవా?” అన్నాడు చివరికి.

మర్నాడు బేకరీ గుమ్మంలో పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. “ట్రేలు వేళకి చేరితే చాలు. ఎవరు తోలితే నాకేం. కానీ షరతు షరతే.” రొట్టెలాయన కుడిచేత్తో ప్రతి తాడూ లాగి చూశాడు. బావమరిదికి కుక్కల గురించీ, షట్టర్ల గురించీ, మూలషాపు ఆవిడ గురించీ చెప్పిందే చెప్పాడు. బండి పొగమంచులో కలిసిపోయాక, పనివాళ్లంతా లోపలికి వెళ్లినా గుమ్మంలోనే నిలబడ్డాడు. ఉండబట్టలేక ఫోన్ తీశాడు.

“వచ్చాడామ్మా?”

“వచ్చాడు, వెళ్లాడు కూడా,” అంది మూలషాపు ఆవిడ. “నీకంటే ముందే.”

“బన్నులెలా ఉన్నాయి?”

“ఎవరూ కూర్చోలేదు.” ఆవిడ నవ్వింది. “కొత్తగా ఈ లైను నీదా బాబూ అని అడిగాను. లైను మా బావది, నేనాయన ఎడమచెయ్యిని మాత్రమే అన్నాడు. మంచి కుర్రాడు.”

రొట్టెలాయన ఫోన్ పెట్టేశాడు. ఆ మాట తనకి చేరుతుందని తెలిసే అని ఉంటాడు వాడు, అనుకున్నాడు. తెలిసి అన్నా, తెలియక అన్నా బన్నులైతే నలగలేదు.

అయినా రెండో షాపుకి కూడా ఫోన్ కలిపాడు.