వాపసు హాఫ్ టికెట్

సుకన్యతో ఎవరైనా కాసేపు కూర్చుంటే చాలు, మాటలు ఎటు తిరిగినా చివరికి మిర్యాలగూడ బస్సు ఎక్కాల్సిందే. కోదాడలో ఆమె పనిచేసే బడిలో ఈ కథ వినని టీచరు లేదు. విన్నవాళ్లు కూడా ఊరుకోరు, మళ్లీ చెప్పమని గిల్లుతారు. ఆమె మళ్లీ చెబుతుంది.

అప్పుడామెకు ఏడేళ్లు. కాపురం సూర్యాపేటలో. ఒకరోజు పొద్దున్నే వాళ్లమ్మ అరుంధతి బడి మాన్పించి, తలంటి పోసి, క్రిస్మస్‌కు కుట్టించిన గౌను తొడిగి, బస్టాండుకు తీసుకుపోయింది. ఎందుకంటే ఎందుకూ లేదట, ఊరికే. మామూలు రోజుల్లో బజార్లో చెయ్యి చాపి ఏదైనా చూపిస్తే వీపు విమానం మోత మోగించే తల్లి, ఆ రోజు అడిగిందల్లా కొనిపెట్టింది. మిరపకాయ బజ్జీలు, గోలీ సోడా, రంగురంగుల గాజులు. మిర్యాలగూడలో కాలువ గట్టు మీద చెట్టు నీడలో కూర్చోబెట్టుకుని, బాగానే ఉన్న జడను విప్పి మళ్లీ అల్లింది. అంత నెమ్మదిగా అమ్మ ఎప్పుడూ జడ వేయలేదని చెప్పేటప్పుడు సుకన్య చెయ్యి దానంతటదే వెనక్కి, జడ మీదికి పోతుంది.

అన్నిటికన్నా గొప్ప సంగతి హాఫ్ టికెట్టు. ఐదేళ్లు నిండిన పిల్లలకు సగం టికెట్ తియ్యాలి. ఆ సగం ఎగ్గొట్టడానికి తల్లులు పిల్లల వయసు పెరగనిచ్చేవాళ్లు కాదు. సుకన్య కూడా బస్సెక్కితే నాలుగేళ్లదైపోయి, దిగాక మళ్లీ రెండో తరగతిలో పడేది. ఆ రోజు కూడా అరుంధతి అలవాటు కొద్దీ ఇంకా ఐదు నిండలేదని కండక్టరుతో అనేసింది. గౌను వేసుకున్న గర్వమో ఏమో, పిల్ల సీటు మీద లేచి నిలబడి, తనకు ఏడేళ్లనీ, రెండో తరగతనీ, తన టికెట్ తనకు కావాలనీ బస్సంతా వినేట్టు చెప్పింది. కండక్టరు పగలబడి నవ్వి, హాఫ్ టికెట్ చించి తల్లికి కాదు, పిల్ల చేతికే ఇచ్చాడు. ఇప్పుడు ఆడవాళ్లందరికీ జీరో టికెట్ వచ్చేసింది, ఆ దర్జా ఏం తెలుస్తుంది ఎవరికైనా!

ఈ కథ మొదలైతే అరుంధతి లేచి వంటింట్లోకి పోతుంది. పొగిడితే అమ్మకు సిగ్గని సుకన్య నవ్వుతుంది. సిగ్గూ లేదు, గిగ్గూ లేదు. ఆ రోజు అరుంధతి బిడ్డను షికారుకు తీసుకుపోలేదు. ఇద్దరూ తిరిగి రాకూడదనే బస్సెక్కింది. ఆ సంగతి భర్త ప్రభాకర్‌కు ఒక్కడికే చెప్పింది, ఆయన దాన్ని తనతోనే సమాధిలోకి తీసుకుపోయాడు. బిడ్డకు మాత్రం ఆ రోజు బంగారంగా మిగిలిపోయింది. దిగులు వేసినప్పుడల్లా తీసి చూసుకునేంత బంగారం. దాన్ని ముట్టుకోకుండా కాపాడటమే అరుంధతి ఇన్నేళ్లూ చేసిన పెద్ద పని. అది మాసిపోకుండా తాను కన్నుమూస్తే చాలనుకుంది.

ఒక ఆదివారం పొద్దున అరుంధతి కోదాడలో కూతురి ఇంటి వసారాలో చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మేడమీద కిరాయికి ఉండే రోజా తన కూతురు వందనను తీసుకుని కిందికి దిగింది. రోజా జాకెట్లు కుడుతుంది. భర్త సంపత్ నిరుడు హైవే మీద లారీ గుద్ది పోయాడు. వందనకు తలంటి పోసి, పట్టు లంగా కట్టింది, రెండు చేతులకూ మోచేతి దాకా కొత్త గాజులు. మిర్యాలగూడ దాకా వెళ్తున్నామని చెప్పి రోజా తాళంచెవి సుకన్య చేతిలో పెట్టింది.

ఇంకేముంది, సుకన్యకు పూనకం వచ్చినంత పనైంది. అయితే పిల్లకు బజ్జీలు తినిపించమనీ, గోలీ సోడా దొరికితే వదలొద్దనీ మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా తన బస్సు కథలోకి దిగిపోయింది. రోజా నవ్వుతూనే వింది. ఆ నవ్వు చూసి అరుంధతి చేతిలోని బియ్యం చేటలోనే వదిలేసింది. ఆ నవ్వు ఆమెకు తెలుసు. అన్నీ సర్దేసుకున్నవాళ్ల నవ్వు అది.

నిన్న సాయంత్రం రోజా వీధి వీధి తిరిగి ఎవరి జాకెట్ గుడ్డలు వాళ్లకు ఇచ్చేసింది. కుట్టనివీ ఇచ్చింది, చేతులు అతకాల్సినవీ ఇచ్చింది. చుట్టాల పెళ్లి ముందు పెట్టుకుని తన జాకెట్ కుట్టకుండా ఇట్లా చేసిందేమిటని సుకన్య రాత్రంతా సణిగింది. కుట్టేవాళ్లు ఆలస్యం చేస్తారు, అబద్ధాలు చెబుతారు, రేపు రమ్మని తిప్పుకుంటారు. సగం కుట్టిన గుడ్డ మాత్రం ఎవరూ వాపసివ్వరు.

"వాపసు ఎప్పుడొస్తవ్ బిడ్డా?" అని అడిగింది అరుంధతి.

"వస్తాంలే పెద్దమ్మా," అంది రోజా గేటు వైపు చూస్తూ.

అరుంధతి మోకాళ్లు పట్టుకుని లేచి, పోయి గేటుకు అడ్డంగా నిలబడింది. వందనను లోపలికి పోయి టీవీ పెట్టుకోమంది. పిల్ల తల్లి ముఖం చూసి, గాజులు గలగలలాడించుకుంటూ లోపలికి పోయింది. బస్సు పోతుందని రోజా అంది. పోనీయమంది అరుంధతి. తరువాత కూతురి వైపు చూసింది. ఇంకా కథ చెప్పే ఉత్సాహంలోనే ఉంది సుకన్య. తలకు రంగేసుకునే వయసు వచ్చినా, ఆ బస్సు మాట ఎత్తితే ఏడేళ్ల ముఖమే పెడుతుంది. ఆ ముఖాన్ని చివరిసారి చూసుకున్నట్టు చూసుకుంది తల్లి. ఆమెను కూడా లోపలికి పొమ్మందామనుకుంది. కానీ అబద్ధమనుకుంటే రోజా ఆగదు. కన్నకూతురి ఎదుట తాను చెప్పిన మాటైతేనే నమ్ముతుంది.

"రోజా, నేను గూడ నీ లెక్కనే బిడ్డకు తలంటి, గౌనేసి, గదే మిర్యాలగూడ బస్సెక్కిన. వాపసు రావద్దనే ఎక్కిన."

సుకన్య చేతిలోంచి తాళంచెవి జారి కిందపడింది. ఎవరూ తీయలేదు.

అరుంధతి ఆపలేదు, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. సుకన్య తరువాత పుట్టిన మగబిడ్డ నెల తిరక్కుండా పోయాడు. ఇక నిద్ర పట్టలేదు, అన్నం సహించలేదు, లోకమంతా మసిబట్టిపోయింది. ప్రభాకర్ ఆ దుఃఖం మోయలేక ఆత్మకూరులో వాళ్లమ్మ దగ్గర కూర్చున్నాడు. ఇదంతా జబ్బని, దవాఖానాలో దీనికి మందుందని ఆమెకు చెప్పిన దిక్కు లేదు.

అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న రోజా గేటు పట్టుకుని కూలబడింది. "నేను లేకపోతే దాన్ని ఎవరు చూస్తారు పెద్దమ్మా?"

"నేను గూడ గదే అనుకున్న. ప్రేమతోని తోల్కపోతున్న అనుకున్న. అది అబద్ధం గాదు. గానీ దాని అడుగున ఇంకోటున్నది బిడ్డా. మా ఆయన ఇంటికొస్తే ఎవ్వరూ ఉండొద్దు, జన్మంత ఏడ్వాలె అనుకున్న. ఇగ దీన్నంటవా, వేరే మనిషి అనే అనుకోలే. నా చీరె కొంగనుకున్న. నేను పోతే నా కొంగు నాతోని రాదా?"

ఆ మాట అంటున్నప్పుడు కూతురి వైపు చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"కొంగేమో సీటు మీద లేచి నిలబడి, నా టికెట్ నాకు గావాలె అన్నది. గప్పుడే సగం సచ్చిపోయిన. అయినా మొండిగ కాలువ దాక పోయిన. జడ అల్లుతాంటే ఇది అన్నది, అమ్మా, వాపసు పోయేటప్పుడు గూడ నాకు టికెట్ తియ్యాలె, ఏడేండ్లని ఈసారి నువ్వే సెప్పాలె అని. వాపసు అన్నది. దాని లెక్కల వాపసు ఉన్నది. నా లెక్కలనే లేదు."

అరుంధతి రోజా పక్కనే నేల మీద కూర్చుని, వీపు నిమిరింది. నీ బిడ్డకు టికెట్ వేరే ఉందని, ముందు అది గుర్తుపెట్టుకోమని, మిగతా బరువు అందరం తలా కొంచెం ఎత్తుకుంటామని చెప్పింది. రోజా గొంతు పగిలేట్టు ఏడ్చింది. నిరుటి నుంచి ఆమె ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

తరువాత పనులన్నీ సుకన్యే చేసింది. చివ్వెంలలో ఉన్న రోజా అక్కకు ఫోన్ చేసి రప్పించింది. ముగ్గురూ కలిసి దవాఖానాకు పోయారు. డాక్టరు చాలాసేపు మాట్లాడి, మందులు రాసి, కొన్నాళ్లు ఒంటరిగా వదలొద్దన్నాడట. వందన ఇంట్లో అరుంధతి పెట్టిన అన్నం తిని, గాజులు తీయకుండానే పడుకుంది.

సాయంత్రం సుకన్య తిరిగొచ్చి, తల్లికి ఎదురుగా వసారాలో కూర్చుంది. అరుంధతి చేట ముందేసుకుంది కానీ కళ్లకు రాళ్లు ఆనడం లేదు. బిడ్డ తిడితే బాగుండు, ఏడిస్తే బాగుండు. బజ్జీలూ సోడా గాజులూ అన్నీ ఇక దాని నోట్లో చేదైపోయినట్టే. రెండు ప్రాణాలను నిలపడానికి ఇంకొకరి బాల్యాన్ని తగలబెట్టాననుకుంది. చేసింది తప్పు కాదని తెలుసు, తెలిస్తే మాత్రం ఏం లాభం.

సుకన్య చెయ్యి వెనక్కి, జడ మీదికి పోయింది.

"వచ్చేటప్పుడు నేను నిద్రపోయిన గదనే అమ్మా. నాకేం యాదికి లేదు. నువ్వు సెప్పినవా మరి?"

అరుంధతి తల ఎత్తింది.

"నువ్వు నా ఒళ్లె పన్నవు. కండక్టరు సూసి, పసిపిల్ల అనుకొని ముంగటికి పోయిండు. నేనే పిలిచిన. దీనికి ఏడేండ్లు, టికెట్ ఇయ్యి అన్న."