ఇనుప గాదెలోకి దీపం

కాకినాడ రేవులో ఒక చమురు కంపెనీ వారి గేటు దగ్గర ఉదయం గంట కొట్టగానే రెండు వందల మంది కూలీలు వరసగా నిలబడి చేతులు పైకెత్తేవారు. జవాను ఒక్కొక్కరి మొలనూ తలపాగానూ తడిమి, చుట్టలూ అగ్గిపెట్టెలూ తీసి బుట్టలో పడేసేవాడు. "సాయంత్రం పట్టికెళ్లండి, ముందు నడవండి" అనేవాడు. ఎందుకు తీస్తున్నావని ఒక్కడూ అడిగిన పాపాన పోలేదు. చుట్ట కాలుస్తూ కూర్చుంటే పని చెడుతుందని కాబోలు, కంపెనీ వారు తీయిస్తున్నారని వాళ్లకు వాళ్లే సర్దిచెప్పుకున్నారు. పనివాడు ఎందుకని అడగకపోవడాన్ని మన దేశంలో వినయమంటారు. ఆ వినయం ఎంత పని చేస్తుందో చదువరులు ఈ కథలో చూస్తారు.

చిట్టియ్యది ధవళేశ్వరం. ఏభై ఏళ్లవాడు. వేసవిలో బావుల పూడిక తీయడం, మెట్ట ఊళ్లకు పోయి ధాన్యపు పాతర్లు తెరవడం అతని పని. అతను తాడు పట్టుకుంటే లోపలికి దిగినవాడు క్షేమంగా పైకి వస్తాడని గోదావరికి ఇటూ అటూ పేరు. కంపెనీలో గాదె శుభ్రం చేయడానికి అలాంటివాడు కావాలని మేస్త్రీ సత్తిరాజు కబురంపితే, అల్లుడు అప్పాజీని వెంటబెట్టుకుని కాలువ పడవ ఎక్కి వచ్చాడు.

గాదె అంటే మన ఇళ్లలో ధాన్యం పోసే గాదె అనుకునేరు! కంపెనీ వారు ఇనుప రేకులు అతికి కట్టించిన ట్యాంకు అది. దానికి కూలీలు పెట్టుకున్న ముద్దుపేరు గాదె. చిట్టియ్య మొదటి రోజు దాని పక్కన నిలబడి పైకి చూస్తే తలపాగా జారి వెనక్కి పడింది. ఎక్కడో సముద్రానికి అవతల భూమిలోంచి తోడిన చమురు ఓడలో వచ్చి, ఓడ నుంచి పడవల్లోకి, పడవల నుంచి ఇనుప గొట్టంలో పాకి ఆ గాదెలోకి చేరుతుంది. కిందనున్న కుళాయి తిప్పితే డబ్బాల్లోకి దూకుతుంది. ఆ డబ్బాలే అతని ఊరి అంగట్లో దీపాల నూనెగా అమ్ముడుపోతాయి.

"మావా, వందమంది గానుగలోళ్లు వందేళ్లు ఆడినా ఇంత నూనె వస్తదా?" అన్నాడు అప్పాజీ నోరెళ్లబెట్టి.

"దండం పెట్టరా అబ్బాయ్. మనిషన్నోడు చేసిందేనా ఇది!" అన్నాడు చిట్టియ్య. నిజంగానే చెప్పులు విడిచి దండం పెట్టాడు.

అబ్బురం ఒక్క గాదెతోనే ఆగలేదు. రైతు ఇంట పాలేరుతనం చేస్తే వానొచ్చినా వరదొచ్చినా కూలి గింజలు అందేవి కావు. ఇక్కడ ప్రతి శనివారమూ కూలి చేతిలో పడుతుంది. ఆదివారం సెలవు. జబ్బు చేస్తే కంపెనీ డాక్టరు గారు నాడి చూసి మందిస్తారు. అన్నిటికీ మించి, కూలీల పేర్లు రాసే గుమాస్తా ఆశీర్వాదం మాలపల్లెలో పుట్టి మిషను బడిలో చదువుకున్నవాడు. ఊళ్లో అతన్ని అరుగు ఎక్కనివ్వని మోతుబరులు సైతం ఏ పని మీదైనా వచ్చి గేటు దాటితే "ఆశీర్వాదం గారండీ" అని నిలబడవలసిందే. వేదాలు చెప్పిన సంస్కర్తలకు చాతకాని పని కంపెనీ గంట ఒకటి చేసిందంటే ఒప్పుకోక తప్పదు.

గాదె ఖాళీ చేసిన రోజున పైమూతా, కింది తలుపూ తెరిచారు. అడుగున మోకాలి లోతు నల్లటి మడ్డి. నడుముకు తాడు కట్టుకుని అప్పాజీ కింది తలుపులోంచి దూరాడు. పావుగంటైనా గడవకముందే తాడు సడలింది.  చిట్టియ్య బయటికి లాగితే అల్లుడు తెల్లగా పాలిపోయి, పిలిచినా పలకకుండా పడివున్నాడు. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చి ముఖాన నీళ్లు కొట్టి, ఏదో వాసన చూపించి లేపారు. చిట్టియ్య కళ్లనీళ్లతో ఆయన కాళ్లు పట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే దిగాల. ఎల్లుండి ఓడొస్తంది" అన్నాడు సత్తిరాజు.

చిట్టియ్యకు ఆ పూట అన్నం సయించలేదు. తప్పు తనదే అనుకున్నాడు. పాడుబావిలోకి గానీ పాతరలోకి గానీ మనిషిని దింపే ముందు దీపం దింపి చూడాలి. దీపం వెలుగుతుంటే మనిషి దిగొచ్చు, ఆరిపోతే లోపలి గాలి చెడ్డది. ముప్పై ఏళ్లుగా ఏనాడూ తప్పని ఆ పద్ధతిని, ఇనుప గాదెను చూసిన మైకంలో మరిచిపోయాడు. కూతురు వీరవేణి మొహం కళ్ల ముందు మెదిలింది. ఆమెకు ఇది ఏడో నెల.

మర్నాడు చద్దిమూటలో ఒక ప్రమిద, ఆముదంలో తడిపిన వత్తి, కాస్త దూది పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె ఎలాగూ తీసేస్తారు కనుక చెకుముకి రాయీ ఉక్కుముక్కా ఆకువక్కల తిత్తిలో వేసుకున్నాడు. జవాను రాయి చూసి, "ఏంటయ్యా, పళ్లు తోముకుంటావా దీంతో?" అని నవ్వి వదిలేశాడు.

చిట్టియ్య నిచ్చెన మీదుగా గాదె పైకి ఎక్కాడు. సముద్రపు గాలికి వీపు అడ్డంపెట్టి, చెకుముకి కొట్టి దూది రాజేశాడు. వత్తి అంటుకుంది. ప్రమిదను చిన్న ఉట్టిలో కూర్చోబెట్టి, లోపలున్న దేవుడెవరో ఆయనకు మొక్కి, గాదె మూతి వైపు జరిగాడు. కింద అప్పాజీ అప్పటికే ఒక కాలు తలుపు లోపల పెట్టాడు.

కచ్చేరీ వసారాలో నిలబడిన ఆశీర్వాదం ఆ చిన్న పొగను చూశాడు. చేతిలోని కాగితాలు ఎగిరిపోయాయి. "చిట్టియ్యా, వద్దు! అప్పాజీ, పారిపో!" అని అరుస్తూ పరుగెత్తాడు. నిచ్చెన ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. మూతికి మూరెడు దూరంలో ఉన్న ప్రమిదను ఉత్త చేత్తో మూసి పట్టుకున్నాడు. అరచెయ్యి చుర్రుమని కాలింది. దీపం ఆరింది.

కంపెనీ నడిపే దొర ముందు నిలబెడితే చిట్టియ్య వణకలేదు. తాను మంచిపనే చేశానన్న ధీమా అతనిది. దీపం ఎందుకు దింపబోయాడో చెప్పాడు. ఆశీర్వాదం ఇంగ్లీషు చేసి వినిపించాడు. దొర తిట్టలేదు. టోపీ పెట్టుకుని అందరినీ ప్రహరీ గోడ అవతల ఇసుకలోకి తీసుకెళ్లాడు. అడుగున నాలుగు చుక్కల చమురున్న డబ్బా ఒకటి మూత బిగించి, చిన్న కన్నం పొడిపించి, నడి ఎండలో చాలాసేపు పెట్టించాడు. ఆ తరువాత పొడుగాటి వెదురుగడ చివర గుడ్డ ముట్టించి, అందరినీ దూరం జరిపి, దాన్ని కన్నానికి తాకించాడు.

ఢామ్మని పేలింది. రేకు తాడిచెట్టంత ఎత్తు ఎగిరి వంకర్లు తిరిగి పడింది. కాకులన్నీ లేచాయి. 

చిట్టియ్య ఆ రేకును చూశాడు. గోడ మీంచి కనబడుతున్న గాదెను చూశాడు. పక్కన నిలబడ్డ అల్లుణ్ణి తడిమి చూసుకున్నాడు. ఇసుకలో కూలబడ్డాడు. తలెత్తి, పుట్టి బుద్ధెరిగాక ఏ యజమానినీ అడగని మాట అడిగాడు.

"ఈ సంగతి తమరికి ముందే తెలుసాండీ? తెలిస్తే మాకెందుకు చెప్పలేదండీ?"

ఆశీర్వాదం ఆ మాటను వెంటనే ఇంగ్లీషు చేయలేకపోయాడు. గుడ్డ కట్టిన చెయ్యి చూసుకుంటూ తెలుగులోనే మొదలుపెట్టాడు.

"దొరగారు చెప్పారు చిట్టియ్యా. చమురు ఆవిరికి నిప్పు తగిలితే పేలుతుందని, కూలీలకి వివరంగా చెప్పమని నాకే చెప్పారు. చుట్టలు తేవద్దని మాత్రం చెప్పి ఊరుకున్నాను. కూలోళ్లకి ఎందుకో దేనికో అక్కర్లేదనుకున్నాను. చిన్నప్పుడు నేను ఊరి బావి దగ్గరికి ఎందుకు రాకూడదని అడిగితే 'నీకెందుకురా' అన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి ఏడ్చాను. ఆ మాటే నేను మీ అందరికీ అన్నట్టయింది." తరువాత, తన తప్పుతో సహా ఆ మాటలన్నీ దొరకు ఇంగ్లీషులో చెప్పాడు.

 గేటు లోపల నిప్పు రాజేసినవాణ్ణి పనిలో ఉంచడం కుదరదన్నాడు దొర. పెద్ద కంపెనీకి పెద్ద చట్టం. చిట్టియ్య మంచితనం అందులో ఏ గడిలోనూ పట్టలేదు. ఆశీర్వాదాన్ని గుమాస్తాగిరీ నుంచి తప్పించి డబ్బాల షెడ్డుకు పంపాడు. అంతటి ఓడలను నడిపే కంపెనీకి, ముప్పై ఏళ్ల అనుభవాన్ని గేటు బయట పెట్టడానికి ఒక్క మాట చాలింది.

మర్నాడు చిట్టియ్య కాలువ గట్టున పడవ ఎక్కబోతుండగా అప్పాజీ ఆయాసపడుతూ వచ్చాడు.

"మావా, పొద్దున మళ్లీ గాదెలోకి దిగమన్నారు. లోపల గాలెందుకు చెడిందండీ, ఎన్నాళ్లకి మంచిదవుద్దండీ అని అడిగాను. మేస్త్రీ కొట్టడానికొచ్చాడు. నా ఎనకాలున్నోళ్లు కూడా అదే మాట అడిగి కదల్లేదు. ఆశీర్వాదం గారు షెడ్డులోంచి వచ్చి దొరకి చెప్పారు. పైమూతా కింది తలుపూ తెరిచే ఉంచి మూడు రోజులు గాలాడనివ్వమన్నాడు దొర. ఓడని ఆపేశారు మావా! మా కోసం ఓడని ఆపేశారు!"

చిట్టియ్యకు కళ్లు చెమర్చాయి. పని పోయిన బాధ ఉంది, కానీ ఇంతటి వింత అతను ఆ గాదెలోనూ చూడలేదు. అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచి కూలి, మంచి మందు, మంచి మర్యాద ఇచ్చే చోటు అబ్బాయ్, ఒదులుకోకు. దండం పెట్టి మరీ పని చెయ్యి. కానీ ఎందుకని అడక్కుండా మాత్రం ఎవరు చెప్పినా లోపల కాలెట్టకు."